బంతిదండ వెనక దీపం

ఈ వరండాలో ఫ్యానుకి ఏదో జబ్బుంది. మూడు చుట్లు బాగానే తిరుగుతుంది, నాలుగో చుట్టుకి టక్కుమంటుంది. బేరింగు పోయుండాలి, లేదంటే పైన క్లాంపు వదులై ఉండాలి, ఓ నిచ్చెనా స్పానరూ ఇస్తే పది నిమిషాల పని, గానీ నేనిక్కడికి ఫ్యాన్లు బాగుచెయ్యడానికి రాలేదు. పదింటికి రమ్మన్నారు, రెండు నిమిషాల ముందే వచ్చి కూర్చున్నాను. విచారణ కమిటీవాళ్ళు ముగ్గురూ ఇంకా టిఫిన్ల దగ్గరే ఉన్నారని గెస్ట్‌హౌస్ ఊడ్చే సోమలమ్మ చెప్పింది. "కూసో బాబూ, పిలుస్తార్లే" అంది. కూర్చున్నాను, ఏం చేస్తాను. బల్లకి అటు చివర దుర్గ కూర్చునుంది. మా మధ్య ఇంకో నలుగురు పట్టేంత జాగా. నన్ను చూసి లేచి నిలబడబోయింది, ఈ మనిషి, నాకోసం, లేచి నిలబడబోయింది! కూర్చోమ్మా అన్నాను. ఆమె ఒళ్ళో ఓ గుడ్డసంచి ఉంది. అందులో మొగుడి గుర్తింపు కార్డు, డ్యూటీ చొక్కా ఉన్నాయట, ఏవి అడుగుతారో తెలీక అన్నీ తెచ్చిందట. దుర్గ మొగుడు దేవుళ్లు చచ్చిపోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు.

లోపల నన్ను అడిగేది ఒక్కటే ప్రశ్న. హారన్ మోగిందా? మోగింది సార్. అంతే, సంతకం పెట్టి మధ్యాహ్నానికి ఇంటికెళ్ళిపోవచ్చు. వాచ్‌మన్ కొండన్న అదే రాసిచ్చాడు, క్యాంటీన్ వాళ్ళు అదే చెప్పారు, నర్సరీలో కలుపు తీస్తున్న ఆడాళ్ళు కూడా అదే చెప్పారు. ఎవరూ అబద్ధమాడలేదు, అందరూ విన్నారు, చెవులు చిల్లులు పడేలా విన్నారు. మా డైరెక్టరు జగదీశ్వరరావు గారు నిన్న సాయంత్రం గదిలోకి పిలిచి, టీ తెప్పించి మరీ, "విన్నది విన్నట్టు చెప్పు రాజూ, భయపడకు" అన్నారు. ఆయన మంచివాడే, ఆయనకి తెలీదు. మా ఆఫీసులో ముందు తయారుచేసిన రిపోర్టులో ఎలా రాశారనీ? హెచ్చరిక మోగుతుండగా లెక్కచెయ్యక లోనికి ప్రవేశించుట వలన. ప్రవేశించుట వలన! దేవుళ్లు ఎప్పుడైనా ఎక్కడైనా ప్రవేశించాడా? చెప్పులు బయట విడిచి, డ్యూటీ బూట్లు తొడుక్కుని, గడపకి దండం పెట్టి వెళ్ళేవాడు, నైట్రోజన్ గదికైనా సరే. లెక్కచెయ్యకపోవడమా, వాడా, పక్కనెవడైనా బుడగ పేలిస్తే పది నిమిషాలు గుండె పట్టుకు కూర్చునే మనిషి! ఒరే క్రీస్తురాజూ, ఆ కాగితం నువ్వూ చదివావురా, చదివి కింద సంతకం కూడా పెట్టావు.

చింతపల్లి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది, నా భుజాలు అదిరిపడ్డాయి. దుర్గ నావైపు చూసింది. నవ్వబోయాను, రాలేదు. ఈమధ్య ఏ హారనైనా ఇంతే, ఊళ్ళో అబీద్ సెంటర్లో లారీ వెనక నించుంటే చెమటలు పట్టేస్తాయి. ప్రహరీ పక్కన కొండావిడ ఎవరో సీతాఫలాల బుట్ట దింపింది. కొయ్యూరు నుంచి తెల్లారి బస్సుకి వచ్చుంటుంది. సీతాఫలం గింజలు కూడా దాచారు మా సెంటర్లో. ఊరు దాటాక కొయ్యూరు రోడ్డులో మా విత్తనాల పరిశోధన కేంద్రం, కొండ మీద పండే సామలు, చోళ్ళు, అవే రాగులు, మందుమొక్కల వేళ్ళు, అన్నీ చిన్న చిన్న గొట్టాల్లో పెట్టి పొగలు కక్కే చల్లటి నైట్రోజన్ టాంకుల్లో ముంచి దాస్తాం, వందేళ్ళైనా పాడవ్వవట. ఆ టాంకులు నింపేది దేవుళ్లు. నైట్రోజన్ విషం కాదు, మనం పీల్చే గాలిలో మూడొంతుల పైచిలుకు అదే. కానీ మూసిన గదిలో కారిందంటే ఆక్సిజన్ని బయటికి నెట్టేస్తుంది. వాసనుండదు, దగ్గు రాదు, ఊపిరాడనట్టు కూడా ఉండదు. రెండు ఊపిర్లు పీలిస్తే మనిషి కూలబడతాడు, ఏం జరిగిందో వాడికే తెలీదు. అందుకే బయట తలుపు పక్కన గోడకి ప్యానెలు, దాని మీద మీటరు. ఆక్సిజన్ ఇరవై దశాంశం తొమ్మిది శాతం ఉంటే అంతా బాగున్నట్టు. పంతొమ్మిదిన్నర కిందకి దిగితే హారన్ అరుస్తుంది, పెద్ద ఫ్యాను దానంతటదే తిరుగుతుంది, నైట్రోజన్ వాల్వు మూసుకుపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడ్డానికే నాకు జీతం. పదమూడేళ్ళు. ఆ హారన్ని వైజాగ్ నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది నేను. పక్క సీటు ముసలాయన ఏటి బాబూ అది, మైకేటి అనడిగితే, కాదు తాతా, ఇది మనుషుల్ని చావకుండా ఆపుతాది అని గొప్పగా చెప్పాను. గొప్పగా!

టక్కు. మళ్ళీ మూడు చుట్లు. టక్కు. ఆ ప్యానెలు కీ నా ప్యాంటు జేబులో ఉంది, తొడకి గుచ్చుకుంటోంది. గుచ్చుకోనీ.

సోమలమ్మ చీపురుతో మళ్ళీ వచ్చింది, కాళ్ళెత్తు బాబూ అంది, ఎత్తాను. కొప్పులో బంతిపువ్వు. పసుపు బంతి. బంతిపువ్వుల్ని చూడలేకపోతున్నాను, మొన్న పక్కింటివాళ్ళ గుమ్మానికి దండ కడితే ఆ వీధే మానేసి చుట్టూ తిరిగి వెళ్ళాను. ఆయుధపూజకి మా దగ్గరో ఆచారముంది. మొదటి ఏడాది ప్యానెలు ముందు సాంబ్రాణి వేస్తే, ఆ పొగకి పొగ సెన్సారు లేచి, హారన్ మోగి, ఫ్యాన్లు తిరిగి, డైరెక్టరు గారి కండువా ఎగిరి హారతిలో పడింది. ఆర్పేసరికి తాతలు దిగొచ్చారు. అప్పట్నుంచీ పూజ జరిగే గంటసేపూ ప్యానెల్ని కీ తిప్పి మెయింటెనెన్సులో పెడతాం. అప్పుడు హారన్ మోగదు, ఫ్యాను తిరగదు, ప్యానెలు మీద ఒక పసుపు దీపం మాత్రం వెలుగుతుంది, జాగ్రత్త, కాపలా లేదు అని. పూజయ్యాక కీ వెనక్కి తిప్పాలి. మరి అది ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అందరూ హారతికెళ్తారు, ప్రసాదానికెళ్తారు. "మన క్రీస్తురాజున్నాడు కదేటి, పూజలో కూసోడు కదా, ఆడి దగ్గరే ఉంచండి కీ" అన్నది దేవుళ్లే. నిజమే, మాది మిషను కాంపౌండు, మా తాత కాలం నుంచీ చర్చివాళ్ళం, నేను పూజలో కూర్చోను. అలా పదకొండు దసరాలు కీ నా చేతిలో ఉంది. నాకదో గౌరవంలా ఉండేది, నిజం చెప్పాలంటే. దేవుళ్లు ప్యానెలుకి పసుపు రాసి బొట్టు పెట్టేవాడు, మీటరు అంకెల మీద పడకుండా ఎంత జాగ్రత్తగా పెట్టేవాడో. తరవాత వచ్చి నా చేతిలో కొబ్బరిముక్కా బెల్లంముక్కా పెట్టి, "పెసాదం అనుకోకురా, కొబ్బరి అనుకుని తినీ" అనేవాడు. తినేసేవాణ్ణి. క్రిస్మసుకి మా డాబా మీద స్టారు కట్టేది వాడే, నాకు ఎత్తులంటే భయం.

కీ పెట్టి తిప్పే పాత స్విచ్చులో ఒక మంచి గుణముండేది. మెయింటెనెన్సులో ఉంటే కీ ఊడొచ్చేది కాదు. వెనక్కి తిప్పితేనే చేతికొచ్చేది. అంటే కీ నా జేబులో ఉందంటే గదికి కాపలా ఉన్నట్టే, ఇంక చూడక్కర్లేదు. పదకొండేళ్ళు ఈ చెయ్యి ఆ లెక్కకి అలవాటు పడిపోయింది. శ్రావణమాసం వానలకి ఆ స్విచ్చు తుప్పు పట్టి బిగుసుకుపోయింది, కంపెనీది రావడానికి నెల పడుతుందన్నారు. బజారెళ్ళి అలాంటిదే ఒకటి తెచ్చి నేనే బిగించాను. దానికా గుణం లేదు, ఎటున్నా కీ ఊడొచ్చేస్తుంది. నాకు తెలుసు. తెలిసే బిగించాను, అసలుది వచ్చాక మార్చేద్దాం అనుకున్నాను. నెలయ్యింది, రాలేదు, నేనూ అడగలేదు. చూశావా, ఎంత చిన్న పని, ఒక్క ఫోను. పూజనాడు కీ తిప్పాను, పసుపు దీపం వెలిగింది, అందరూ తోసుకుంటూ పూలూ పళ్ళాలూ పట్టుకొచ్చేశారు, చెయ్యి దానంతటదే కీని లాగి జేబులో వేసేసింది. హారతయ్యింది. గుమ్మడికాయ కొట్టారు. పులిహోర తిన్నాం. జేబు తడుముకున్నాను, కీ ఉంది. నా ప్రాణం హాయిగా ఉంది.

సాయంత్రం వెళ్ళేముందు మళ్ళీ వచ్చాను, ఆ మాట కూడా చెప్పాలి, వచ్చాను. ప్యానెలు మీద దేవుళ్లు కట్టిన బంతిదండ, పై నుంచి కిందదాకా, ఎంత లావు దండో, మీటరు లేదు, దీపం లేదు, అన్నీ పూల వెనకే. ఎలమంచిలి సంతకెళ్ళి బుట్టెడు పూలు తెచ్చి రాత్రంతా పెళ్ళాం మొగుడూ కూర్చుని గుచ్చారట. పక్కకి జరుపుదామని చెయ్యెత్తాను. ఎత్తి ఆగిపోయాను. వాళ్ళ పూజ, వాళ్ళ దండ, దసరా వెళ్ళేదాకా తియ్యరు, పూజలో కూర్చోనివాణ్ణి నేనెందుకు ముట్టుకోవాలి, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? ఎవరూ ఏమీ అనుకోరు! పదమూడేళ్ళలో నన్నెవరూ ఒక్క మాటన్నది లేదు, దేవుళ్లు చూసుంటే నవ్వి, జరుపురా పర్లేదు అనేవాడు. మర్యాదట, మర్యాద! చెయ్యి దించేశాను, జేబు తడుముకున్నాను, ఉంది, ఇంటికెళ్ళిపోయాను. మర్నాడు దసరా సెలవు. ఆ సెలవులో ఎప్పుడో వాల్వు దగ్గర మంచు గడ్డకట్టి, వాల్వు పూర్తిగా మూసుకోక, నైట్రోజన్ సన్నగా కారుతూనే ఉంది. హారన్ అరిచుంటే కొండన్న పరిగెత్తుకొచ్చేవాడు. అరవలేదు.

ఫ్యాను తిరుగుతోంది. ఆ రోజు ఆ గదిలో పెద్ద ఫ్యాను తిరగాలి, దేవుడా, అది తిరిగితే చాలు అనుకున్నాను. ఎనిమిదింటికి నేనెళ్ళేసరికి తలుపు తీసుంది, వాడి చెప్పులు గడప బయట, పక్కపక్కనే, వాడెప్పుడూ విడిచేచోటే. లోపల టాంకు పక్కన బూట్లు కనబడ్డాయి, పడుకున్న మనిషి బూట్లు. లోపలికి దూకకూడదు, దూకితే రెండో శవం, అది నేనే అందరికీ నేర్పాను. దండ పట్టి ఒక్క లాగు లాగాను. పసుపు దీపం. తలుపు తీసున్నా మీటరు మీద పదకొండు. జేబులోంచి కీ తీసి, మొదటిసారి కన్నంలో పట్టలేదు, రెండోసారి పెట్టి తిప్పాను, అప్పుడు మోగింది హారన్. అప్పుడు మోగింది. ఫ్యాను లేచింది, కొండన్న గేటు నుంచి పరిగెత్తుకొచ్చాడు, క్యాంటీన్ వాళ్ళొచ్చారు. నేను గాలి సిలిండరు మాస్కు తగిలించుకుని లోపలికెళ్ళి వాణ్ణి చంకల కింద పట్టి బయటికి ఈడ్చుకొచ్చేదాకా అది అరుస్తూనే ఉంది. వాడి మొహం నిద్రపోతున్నట్టే ఉంది. ఎన్నిసార్లు గుండె మీద నొక్కానో, దేవుళ్లూ దేవుళ్లూ లెగరా అంటూ. అప్పుడు కొండన్న అన్నాడు, "అంత హారన్ మోగతన్నా లోపలికెల్లాడేటి బాబూ ఈడు?" నేను నోరు తెరవలేదు. కీ తిప్పింది దాచడానికి కాదు, ఫ్యాను తిరగాలనే తిప్పాను, అది నా ప్రభువుకి తెలుసు. దాచడం మొదలైంది కొండన్న అడిగిన తరవాత. మా ప్యానెలు హారన్ మోగిన సంగతి రాసుకుంటుంది గానీ కీ ఎటు తిరిగిందో రాసుకోదు, ఆ సంగతి కూడా నా ఒక్కడికే తెలుసు. వాడు గదిలోకి ఎప్పుడెళ్ళాడో ఎవరూ చూళ్ళేదు. దండ నేలమీద పడుంటే కొండన్న తీసి చెత్తలో వేశాడు.

మా ఆవిడ కరుణకి అనుమానం వచ్చింది. మొన్న ఈ నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అందరూ రొట్టె తిన్నారు, నేను తినలేదు. తప్పు దాచుకున్నవాడు ఆ రొట్టె ముట్టకూడదు, పళ్ళెం ముందుకొస్తే పక్కకి పంపించేశాను. ఇంటికొచ్చాక "ఏటైంది మీకు, పెళ్ళైన ఇన్నేళ్ళలో ఒక్కసారి మానేశారా?" అంది. కడుపులో బాగోలేదన్నాను. ఆమె నా మొహంలోకి చాలాసేపు చూసి, మజ్జిగ కలిపి తెచ్చింది. చెప్పేస్తే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది, కేసు పెడతారు, సంతకం పెట్టి మాట మార్చాడు కాబట్టి ఇంకా గట్టిగా పెడతారు. చెప్పకపోతే? దేవుళ్లు ఎలాగూ లేవడు. ఈ మాట ఇరవై రెండు రోజులుగా చెప్పుకుంటున్నాను, ఎలాగూ లేవడు, ఎలాగూ లేవడు. సిగ్గులేని మాట.

"అన్నయ్యా."

దుర్గ. ఎప్పుడు జరిగిందో, ఇద్దరు పట్టేంత జాగానే ఉంది మధ్యలో. కళ్ళు లోపలికి పోయాయి. "ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోవు కదా. ఆ హారన్ ఎంత గట్టిగా మోగుతాది? గది బయటున్నోడికి ఇనపడకుండా ఉంటాదేటి?"

ఉండదమ్మా అన్నాను. గేటు దాకా వినపడుతుంది అన్నాను. నిజమే కదా.

తలూపింది, తను అనుకున్నదే అయినట్టు. సంచి అంచు మడతపెడుతూ, విప్పుతూ, నావైపు చూడకుండా చెప్పింది. "ఆ రోజు పొద్దున్న మేం తగువాడుకున్నాం అన్నయ్యా. దసరా మర్నాడు లోవ తలుపులమ్మ తల్లి గుడికి తీసికెల్తానన్నాడు, నాను సీర కూడా తీసి పెట్టుకున్నాను. పొద్దున్న లేసి, టాంకులు నింపాల, ఎల్లాల అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ టాంకుల్తోనే కాపరం సేసుకో, సాయంత్రం ఇంటికి రాకపోయినా నాకు ఫర్వానేదు అన్నాను. ఆడేటీ అన్నేదు. టీ కూడా తాగకుండా ఎల్లిపోయాడు." ఫ్యాను టక్కుమంది. "పిల్లి అరిసినా అదిరిపోయే మనిషి, అంత హారన్ మోగతంటే లోపలికి ఎల్తాడా? కావాలనే ఎల్లుంటాడు. నా మాట అట్టుకునే ఎల్లిపోయుంటాడు. ఎవులికీ సెప్పనేదు, మా అత్తకి కూడా. నువ్వు ఆయన ప్రాణానికి ప్రాణం, అందుకు నీకు సెప్పుకుంటన్నాను. లోపల అడిగితే ఈ తగువు సంగతి సెప్పాలా, వద్దా?"

ఇదా. ఇది కూడానా. కాగితంలో వాడి మీద పడిన నింద ఒక్కటే అనుకుంటున్నాను నేను, చచ్చినోడికి నింద ఏటి అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను, ఇక్కడ ఈ పిల్ల రోజూ రాత్రి తన నోట్లోంచొచ్చిన ఒక్క మాటని పట్టుకుని మొగుణ్ణి మళ్ళీ మళ్ళీ చంపుకుంటోంది, లోపలికెళ్ళి అది కూడా చెప్పేస్తుంది, వాళ్ళు రాసుకుంటారు, కుటుంబ కలహము వలన అని రాసుకుంటారు, అది ఆఫీసు ఫైల్లో ఉండిపోతుంది, ఈమెకి అదే నిజమైపోతుంది. వాడు కోపంతో వెళ్ళలేదు తల్లీ. కోపముంటే చెప్పులు పక్కపక్కనే విడుస్తాడా? తలుపు పక్కన మీటరు చూసే వెళ్ళేవాడు రోజూ, ఆ రోజు దాని మీద వాడు కట్టిన దండుంది, వాడు భక్తితో తియ్యలేదు, నేను మర్యాదతో తియ్యలేదు. బేగి టాంకులు నింపేసి మధ్యాహ్నానికి నిన్ను లోవ తీసికెళ్దామనుకునుంటాడు, అందుకే టీ కూడా తాగకుండా పొద్దున్నే పోయాడు. చెప్పరా. చెప్పు. సీతాఫలాలావిడ ఎవరితోనో బేరమాడుతోంది. చేత్తో జేబు మీద నొక్కాను, పాత అలవాటు, ఉంది. ఉందిరా, నీ జేబులోనే ఉంది, అంతా అక్కడే ఉంది.

"మోగలేదమ్మా," అన్నాను.

దుర్గ తలెత్తింది.

"వాడు లోపలికెళ్ళినప్పుడు హారన్ మోగలేదు. దాన్ని ఆపేసి ఉంచింది నేను. పూజకని ఆపాను, తిరిగి తిప్పడం మర్చిపోయాను. వాడు పడిపోయాక నేను కీ తిప్పితే అప్పుడు మోగింది. కొండన్నా వాళ్ళూ విన్నది అదే. వాడికి ఏటీ వినపడలేదు. ఏటీ తెలీలేదు వాడికి. నీ మీద కోపంతో కాదు, వాడు పనికెళ్ళాడంతే." దండ సంగతి, స్విచ్చు సంగతి ఇంకా మిగిలిపోయాయి.

కొడుతుందనుకున్నాను, కొడితే బాగుణ్ణనుకున్నాను. ఆమె పెదాలు కదిలాయి. "అయితే నా మాటకి కాదన్నమాట," అంది, చిన్నగా. "నా మాటకి ఎల్లిపోనేదన్నమాట." సంచిలోంచి ఆ డ్యూటీ చొక్కా తీసి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, శబ్దం లేకుండా, భుజాలు ఊగిపోయేలా. సోమలమ్మ చీపురు ఆపి చూసింది. నేను కదల్లేదు. నాకు కదిలే హక్కు లేదు. ఏడుపు తగ్గాక చొక్కా దించి నన్ను చూసింది, అప్పుడు చూసింది నన్ను, ఈ బల్ల మీద కూర్చున్నది ఎవరో అప్పుడే తెలిసినట్టు.

"ఇరవై రెండు రోజులు," అంది. "ఇరవై రెండు రోజులు నాను సంపుకున్నాననుకున్నాను. నీకు తెలుసు."

ఈసారి అన్నయ్యా అనలేదు. ఇంకెప్పుడూ అనదు. అనకూడదు.

లోపలి నుంచి ఎవరో నా పేరు పిలిచారు. లేచాను. దుర్గ చొక్కాని నాలుగు మడతలు వేస్తోంది, గుండీల వైపు పైకి వచ్చేలా, వాడికి ఇస్త్రీ చేసి పెట్టినట్టే. తలెత్తకుండా, "ఎల్లు. ఇదే సెప్పు," అంది. గదిలో పొడుగాటి బల్ల, నీళ్ళ సీసాలు, ముగ్గురు మనుషులు, నేను సంతకం పెట్టిన కాగితం. జేబులోంచి కీ తీసి ఆ కాగితం మీద పెట్టాను. మధ్యలో కూర్చున్నాయన దాన్ని చూసి, నన్ను చూసి, "ముందా తలుపు వేసి రండి," అన్నాడు.

"ఉండనివ్వండి సార్," అన్నాను. "ఆవిడ వినాలి."